నారు ముదరకముందే: ఘనీభవించిన పిండాల బదిలీపై ఒక ప్రసంగ పాఠం

ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన దంపతులకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు, అత్తమామలకు నమస్కారం. నేను గైనకాలజిస్టును కాను, ఎంబ్రియాలజిస్టును. ఐవీఎఫ్ చికిత్సలో, అంటే అండాన్ని శరీరం బయట ల్యాబులో ఫలదీకరించే చికిత్సలో, మీరు నెలల తరబడి చూసేది డాక్టరు గారిని. ఆ నెలల్లో మీ పిండాలను చూసేది మాత్రం నావంటి వాళ్లు. మా పని మూసిన తలుపుల వెనుక జరుగుతుంది కనుక, దాని గురించి బయట పుట్టే అనుమానాలు మా దాకా రావడం ఆలస్యమవుతుంది. వచ్చిన వాటిలో తరచుగా వినబడే ఒక అనుమానంతోనే మొదలుపెడతాను.

"తాజాగా ఉన్నప్పుడే పెట్టకుండా ఫ్రీజ్ చేస్తామంటున్నారు, నిల్వ ఉంచిన దానికి బలం తగ్గదా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న మన వంటింటి నుంచి వచ్చింది. నిల్వ కూర, నిల్వ పిండి, నిల్వ మందు అనగానే మనకు మనసొప్పదు. ఆ లెక్కన ఘనీభవించిన పిండం అంటే రెండో రకం సరుకు అనిపించడం సహజమే. అయితే ఈ విషయానికి వంటిల్లు సరైన పోలిక కాదు, పొలం సరైన పోలిక. నారుమడిలో నారు పెరిగి సిద్ధంగా ఉంటుంది. దమ్ము చేసిన పొలం మాత్రం ఇంకా సిద్ధం కాదు. రైతు ఆగితే నారు ముదిరిపోతుంది, ఆగకపోతే సిద్ధం కాని పొలంలో నాటాలి. నారు ముదరకుండా ఆపే ఉపాయం రైతు దగ్గర లేదు. మా దగ్గర ఉంది. మేము చేసే పని మొత్తం ఆ ఒక్క ఉపాయమే, ఈ రోజు నేను చెప్పబోయేది కూడా దాని గురించే.

ఈ ఉపాయం విదేశాల నుంచి ఈ మధ్య దిగుమతి అయిన ఫ్యాషన్ అని కొందరు అనుకుంటారు. భారతదేశంలో టెస్ట్‌ట్యూబ్ శిశువు కథ ఘనీభవించిన పిండంతోనే మొదలైందని చాలామందికి తెలియదు. 1978 జూలై 25న ఇంగ్లండులో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయిస్ బ్రౌన్ పుట్టింది. అక్కడి ప్రయోగశాల పనికి నాయకత్వం వహించిన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె పుట్టిన సరిగ్గా పది వారాలకు, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో దుర్గ అనే పేరుతో లోకానికి పరిచయమైన పాప పుట్టింది. ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖర్జీకి తోడుగా నిలిచింది శీతలీకరణ శాస్త్రం తెలిసిన సునీత్ ముఖర్జీ, గైనకాలజిస్టు సరోజ్ కాంతి భట్టాచార్య.

ఈ రెండు జననాల మధ్య ఒక తేడా నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇంగ్లండులో స్త్రీ శరీరం సహజంగా ఆ నెల విడుదల చేసే ఒక్క అండాన్ని తీసి, పిండాన్ని రెండు మూడు రోజుల్లోనే తిరిగి గర్భసంచిలో ఉంచారు. కలకత్తాలో ముఖర్జీ హార్మోన్ ఇంజెక్షన్లతో ఒకటి కన్నా ఎక్కువ అండాలు తయారయ్యేలా చేశారు. పిండాలను డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే రసాయనంలో ఉంచి ఘనీభవింపజేసి, 53 రోజుల తరువాత కరిగించి, మందుల ప్రభావం లేని వేరొక నెలసరిలో తల్లి గర్భంలో ఉంచారు. ఎక్కువ అండాల కోసం ఇచ్చే మందులు గర్భసంచి లోపలి పొరను ఆ నెలకు అనుకూలం కాకుండా చేయవచ్చునన్న ఆలోచన దీని వెనుక ఉంది. ఈ రోజు ప్రపంచమంతటా ఫెర్టిలిటీ కేంద్రాలు "ఈ నెల అన్నీ ఫ్రీజ్ చేద్దాం, వచ్చే నెలల్లో చూద్దాం" అంటున్నాయంటే, ఆ మాటకు అప్పుడే బీజం పడిందని నా అభిప్రాయం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ బృందం ఘనీభవించిన పిండంతో వచ్చిన గర్భాన్ని శాస్త్ర పత్రికలో ప్రకటించింది 1983లో. అక్కడ అలాంటి శిశువు పుట్టింది 1984లో.

ముఖర్జీకి మాత్రం గౌరవం దక్కలేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాటను నమ్మలేదు. జపాన్ వెళ్లి తన పనిని వివరించే అవకాశం ఆయనకు ఇవ్వలేదు. చివరకు ఆయనను కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986 ఆగస్టులో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో పుట్టిన శిశువును దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుగా లెక్కవేశారు. ఆ కృషిలో ప్రధాన శాస్త్రవేత్త అయిన టి.సి. ఆనంద్ కుమార్ తరువాత ముఖర్జీ కాగితాలు చదివి, 1997లో ఆ తొలి స్థానం తనది కాదు, ముఖర్జీది అని స్వయంగా రాశారు. తన పేరు మీద ఉన్న ఘనతను తానే తీసి మరొకరికి అప్పగించిన శాస్త్రవేత్తలు ఎందరు ఉంటారో మీరే ఆలోచించండి. విషయం నుంచి కొంచెం పక్కకు వెళ్లాను, కానీ మా ల్యాబుల్లో పనిచేసే వాళ్లకు ఈ కథ ఇంటి కథ వంటిది.

ఇప్పుడు ఆ ఆలోచన శరీరంలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. సహజమైన నెలసరిలో ఒక అండం పెరుగుతున్న కాలంలో ఈస్ట్రోజెన్ హార్మోన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ మొదలై, ఆ పొరను పిండం అంటుకోవడానికి తగినట్లు మారుస్తుంది. ప్రొజెస్టిరాన్ మొదలైన అయిదారు రోజులకు కొద్ది రోజుల పాటు మాత్రమే ఆ పొర పిండాన్ని స్వీకరిస్తుంది. ఆ కాలం దాటితే ఎంత మంచి పిండమైనా అంటుకోదు. ఐవీఎఫ్ కోసం ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు పది, పదిహేను, ఒక్కొక్కసారి ఇరవై అండాలు ఒకేసారి పెరుగుతాయి, వాటితో పాటు ఈస్ట్రోజెన్ కూడా సహజంగా ఎన్నడూ చేరని స్థాయికి చేరుతుంది. కొందరిలో అండాలు తీయకముందే ప్రొజెస్టిరాన్ పెరగడం మొదలవుతుంది. అలాంటప్పుడు పొర తొందరపడి ముందుకు వెళ్లిపోతుంది, పిండం వెనకబడిపోతుంది. రెండూ ఆరోగ్యంగానే ఉంటాయి, వాటి గడియారాలు మాత్రం కలవవు.

రెండో కారణం తల్లి క్షేమం. పీసీఓఎస్ ఉన్న వారిలో, మన వాళ్లు అండాశయాల్లో నీటి బుడగలు అనే ఆ స్థితిలో, మందులకు అండాశయాలు అవసరానికి మించి స్పందించి ఉబ్బిపోవచ్చు. కడుపులో నీరు చేరవచ్చు, రక్తం చిక్కబడవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. ఆ నెలలోనే గర్భం వస్తే గర్భం నుంచి వెలువడే హార్మోను ఈ ఉబ్బును మరింత పెంచి, ఎక్కువ కాలం లాగుతుంది. పిండాలను ఫ్రీజ్ చేసి అండాశయాలను చల్లబడనిస్తే ఈ ప్రమాదం చాలా వరకు తొలగిపోతుంది. చైనాలో 1,508 మంది పీసీఓఎస్ మహిళలతో జరిపి 2016లో ప్రచురించిన ట్రయల్‌లో, తాజా పిండం పెట్టిన వారిలో 7.1 శాతానికి ఈ ఉబ్బు వస్తే, ఘనీభవించిన పిండం పెట్టిన వారిలో 1.3 శాతానికే వచ్చింది. మొదటి బదిలీతోనే, అంటే పిండాన్ని గర్భసంచిలో ఉంచిన మొదటిసారే, బిడ్డను పొందిన వారు తాజా పిండాలతో 42 శాతం, ఘనీభవించిన పిండాలతో 49.3 శాతం.

ఈ అంకెలు చూపి "ఫ్రీజ్ చేస్తేనే ఫలితం" అని అందరికీ చెప్పడం మాత్రం సరికాదు. పీసీఓఎస్ లేని మహిళలతో 2018లో రెండు పెద్ద ట్రయల్స్ ప్రచురితమయ్యాయి. వియత్నాంలో 782 మందితో చేసిన దానిలో బిడ్డలు పుట్టింది ఘనీభవించిన పిండాలతో 33.8 శాతం, తాజా పిండాలతో 31.5 శాతం, చైనాలో 2,157 మందితో చేసిన దానిలో 48.7 శాతం, 50.2 శాతం. రెండింటిలోనూ చెప్పుకోదగిన తేడా లేదు. అంటే ఇంజెక్షన్లకు శరీరం మితంగా స్పందించి, హార్మోన్లు అదుపులో ఉండి, పొర బాగున్న స్త్రీకి తాజా బదిలీ చేయడంలో తప్పు లేదు. కాబట్టి మీ కేంద్రంలో "అన్నీ ఫ్రీజ్ చేద్దాం" అన్నప్పుడు మీరు అడగవలసింది ఒక్కటే: నా విషయంలో ఎందుకు? హార్మోన్ స్థాయి, ఉబ్బే ప్రమాదం, పొరలో పాలిప్ అనే చిన్న కండ, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగవలసి రావడం, జ్వరం వంటి మామూలు కారణం, ఏదో ఒకటి స్పష్టంగా చెప్పగలగాలి. "మా దగ్గర అందరికీ ఇలాగే చేస్తాం" అన్నది నా దృష్టిలో సమాధానం కాదు.

ఇక మా ల్యాబ్ లోపలికి వద్దాం. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది. నిండా నీళ్లు పోసిన గాజు సీసాను డీప్ ఫ్రీజర్‌లో మరచిపోయిన వారికి ఆ సంగతి బాగా తెలుసు. పిండంలోని ప్రతి కణమూ ఎక్కువ భాగం నీరే. దానిని మామూలుగా చల్లబరిస్తే లోపల మంచు పలుకులు సూదుల్లా ఏర్పడి కణపు పొరలను చీలుస్తాయి. పాత పద్ధతిలో నిమిషానికి డిగ్రీలో మూడో వంతు చొప్పున గంటల తరబడి నెమ్మదిగా చల్లబరిచి, నీరు కణం నుంచి బయటకు పోయేలా చూసేవాళ్లు. కొన్ని పిండాలు బతికేవి, కొన్ని పోయేవి. గత రెండు దశాబ్దాల్లో ప్రపంచమంతటా స్థిరపడినది విట్రిఫికేషన్. దీనిని అర్థం చేసుకోవడానికి మాత్రం వంటింటికి వెళ్లవచ్చు. లేతపాకాన్ని వదిలేస్తే చక్కెర పలుకులు కడుతుంది. ముదురుపాకాన్ని పళ్లెంలో పోసి ఒక్కసారిగా చల్లారనిస్తే పలుకు కట్టకుండా గాజు పలకలా నిలుస్తుంది. మేము చేసేదీ అంతే. ఇథిలీన్ గ్లైకాల్, చక్కెర, ముఖర్జీ వాడిన ఆ డైమిథైల్ సల్ఫాక్సైడ్ ఉన్న చిక్కని ద్రవంలో పిండాన్ని ఉంచి, కణాల్లోని నీటిని కొంత బయటకు తీస్తాం. తరువాత పిండాన్ని సన్నని ప్లాస్టిక్ రేకు కొసన, కంటికి కనిపించనంత చుక్కలో ఉంచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఒక్కసారిగా ముంచుతాం. నిమిషానికి వేల డిగ్రీల వేగంతో చల్లబడటం వల్ల మంచు పలుకు కట్టే వ్యవధే ఉండదు. మొత్తం గాజులా ఘనమవుతుంది.

బదిలీ రోజు ఉదయం ఆ రేకును తీసి 37 డిగ్రీల ద్రవంలో ఒక్కసారిగా ముంచి, మెట్లు మెట్లుగా నీటిని తిరిగి లోపలికి పంపిస్తాం. అయిదో రోజు పిండం, అంటే మేము బ్లాస్టోసిస్ట్ అనేది, ముడుచుకుపోయిన స్థితి నుంచి రెండు మూడు గంటల్లో మళ్లీ ఉబ్బుతుంది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ ఉబ్బడం మైక్రోస్కోపులో చూసే వరకు నేను టీ తాగను. మంచి ల్యాబుల్లో వందకు తొంభై అయిదుకు పైగా బతికి బయటపడతాయి. వంద అని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ పిండం ఆ మిగిలిన అయిదులో పడితే అది ఎవరి తప్పూ కాకపోవచ్చు.

నైట్రోజన్ డబ్బాలో పిండానికి వయసు పెరగదు. ఆ చలిలో రసాయన చర్యలు ఆగిపోతాయి. ముప్పై ఏళ్లు నిల్వ ఉన్న పిండాలతో 2022లో అమెరికాలో కవలలు పుట్టారు. దీని నుంచి మీకు పనికివచ్చే విషయం ఒకటి ఉంది. 33 ఏళ్లప్పుడు తయారైన పిండాన్ని 38 ఏళ్లప్పుడు గర్భంలో ఉంచితే, అంటుకునే అవకాశం ప్రధానంగా 33 ఏళ్ల అండాన్ని బట్టే ఉంటుంది. తల్లి వయసు పెరిగితే బీపీ, షుగర్ వంటి గర్భ కాలపు సమస్యలు పెరుగుతాయి గాని, పిండం మాత్రం ముదరదు.

ఇప్పుడు పొలం సంగతి. గర్భసంచి పొరను సిద్ధం చేయడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. నెలసరి క్రమంగా వచ్చే స్త్రీలో సహజ మార్గాన్నే అనుసరించవచ్చు. స్కాన్‌లతో, రక్త పరీక్షలతో అండం ఎప్పుడు విడుదలవుతుందో కనిపెట్టి, దాని నుంచి రోజులు లెక్కించి పిండాన్ని ఉంచుతారు. రెండోది మందుల మార్గం: నెలసరి రెండో రోజు ప్రాంతం నుంచి ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చి, రెండు వారాల ప్రాంతంలో స్కాన్ చేసి, పొర మూడు గీతలుగా కనిపిస్తూ 7 లేదా 8 మిల్లీమీటర్లకు పెరిగాక, ప్రొజెస్టిరాన్ మొదలుపెడతారు. గడియారం మొదలయ్యేది ఆ క్షణం నుంచే. అయిదో రోజు పిండాన్ని ప్రొజెస్టిరాన్ అయిదు పూర్తి రోజులు పడ్డాక, ఆరో రోజున ఉంచుతారు. కనుక ఈ మందును సాయంత్రానికి బదులు మరునాడు ఉదయం వేసుకున్నా పరవాలేదులే అనుకోకండి. పొరపాటున మోతాదు తప్పితే దాచకుండా వెంటనే చెప్పండి. తేదీ మార్చడం చిన్న విషయం, పిండం వృథా కావడం పెద్ద విషయం.

మందుల మార్గం కేంద్రానికీ మీకూ సౌకర్యం. తేదీ ముందే తెలుస్తుంది, సెలవు పెట్టుకోవచ్చు, ఊరి నుంచి రైలు టికెట్ చేయించుకోవచ్చు. కానీ దీనిలో ఒక లోటు ఉంది, దాని గురించి తగినంతగా మాట్లాడుకోవడం లేదన్నది నా ఫిర్యాదు. సహజ నెలసరిలో అండం విడుదలైన చోట కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి ఏర్పడి, ప్రొజెస్టిరాన్‌తో పాటు రక్తనాళాలను గర్భానికి అలవాటు చేసే ఇతర పదార్థాలను కూడా విడుదల చేస్తుంది. మందుల మార్గంలో అండం విడుదల కాదు కనుక ఆ గ్రంథి ఉండదు. అలా వచ్చిన గర్భాలలో బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా, అంటే ముదిరితే మన పెద్దలు గుర్రపువాతం అనే ఫిట్స్‌కు దారితీయగల స్థితి, ఎక్కువగా కనిపిస్తోంది. నేను ముందు చెప్పిన 2016 చైనా ట్రయల్‌లోనే తాజా బదిలీలో ఇది 1.4 శాతమైతే, ఘనీభవించిన పిండాల బదిలీలో 4.4 శాతం. నెలసరి సక్రమంగా ఉన్నవారు సహజ మార్గం వీలవుతుందేమో అడగడం న్యాయం. మందుల మార్గమే తప్పనిసరి అయితే, గర్భం వచ్చాక బీపీ పరీక్షలను ఒక్కటి కూడా తప్పించకూడదు.

పొరకు సంబంధించి అమ్మే అదనపు పరీక్షల గురించి ఒక మాట. పొర స్వీకరించే సమయాన్ని జన్యువుల ద్వారా చెబుతామనే ఈరా పరీక్ష చాలా ప్రచారం పొందింది. 2022లో అమెరికాలో ప్రచురితమైన ట్రయల్‌లో, ఆ పరీక్ష ప్రకారం బదిలీ సమయం నిర్ణయించిన వారికి, మామూలు సమయంలోనే చేసిన వారి కంటే బిడ్డలు పుట్టిన శాతంలో మేలు కనిపించలేదు. మొదటి బదిలీకే ఇలాంటివన్నీ రాసి బిల్లు చేతిలో పెడితే, ఆధారం అడగడానికి మొహమాటపడవద్దు.

బదిలీ రోజు మీరు భయపడవలసినది దాదాపు ఏమీ లేదు. మత్తు అవసరం ఉండదు. కొంచెం నీళ్లు తాగి మూత్రాశయం నిండి ఉంటే స్కాన్‌లో గర్భసంచి స్పష్టంగా కనిపిస్తుంది. సన్నని మెత్తని గొట్టంతో పిండాన్ని లోపల వదలడానికి కొన్ని నిమిషాలే పడుతుంది. నేను కిటికీ దగ్గర నిలబడి మీ పేరు, మీ భర్త పేరు గట్టిగా చదువుతాను, లోపల మరొకరు సరిచూస్తారు. రెండుసార్లు అడిగారేమిటని విసుక్కోకండి. సాధారణంగా ఒక మంచి బ్లాస్టోసిస్ట్ చాలు. "రెండు పెడితే ఒకే కాన్పులో కవలలు వస్తారు కదా" అని పెద్దలు సరదాపడతారు గాని, కవలలంటే నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, పిల్లల ఐసీయూలో రోజులు గడపడం అనే ప్రమాదం కూడా. మిగిలిన పిండం డబ్బాలో క్షేమంగానే ఉంటుంది.

తరువాత మంచం దిగకూడదన్న నియమానికి శాస్త్రాధారం లేదు. గర్భసంచి ఖాళీ గది కాదు, దాని ముందు గోడ, వెనుక గోడ ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య ఉన్న పిండం నిలబడితే జారిపడదు. మెట్లు ఎక్కినా, తుమ్మినా, ఆటోలో ఇంటికి వెళ్లినా పడదు. ఫలితం రాకపోతే "ఆ రోజు గుమ్మం దాటిందిగా" అని కోడలిని అనే ఇళ్లు నాకు తెలుసు కనుక ఈ మాట అత్తమామల ముందే చెబుతున్నాను.

ఇక కాగితాలు. దేశంలో సహాయక పునరుత్పత్తి చట్టం 2021లో వచ్చి, 2022 జనవరి 25 నుంచి అమలులో ఉంది. కేంద్రానికి దాని కింద నమోదు ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగే హక్కు మీకుంది. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన మహిళకు ఐవీఎఫ్‌తో కవలలు పుట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు చట్టం ప్రకారం స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు దాటితే చికిత్స చేయకూడదు. పిండాలను పదేళ్లకు మించి నిల్వ చేయకూడదు. గడువు తీరాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. గర్భంలో ఉంచే క్షణం వరకు దంపతులలో ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. సంతకం చేసే ముందు ఆ ఫారం ఇంటికి తీసుకువెళ్లి, భార్యాభర్తలిద్దరూ కలిసి చదవండి. ఏటా నిల్వ రుసుము ఎంత, ఫోను నంబరు మారితే ఎవరికి చెప్పాలి అన్నవి కూడా రాయించుకోండి. అన్నట్టు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది పిండం దశలో చూసి ఎంచుకోవడం నేరం. ఎవరైనా చూస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ట్రాన్స్‌ఫర్, అంటే పిండం బదిలీ, జరిగిన తొమ్మిది నుంచి పద్నాలుగు రోజుల మధ్య గర్భం వచ్చిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష చేస్తారు. పాజిటివ్ వచ్చిందని తెలియగానే "నెల తప్పింది కదా, ఇంకా ఈ మాత్రలెందుకు" అని ఆపేయకండి. మందుల మార్గంలో వచ్చిన గర్భానికి మాయ తన హార్మోన్లను తాను తయారుచేసుకునే వరకు ఆ మందులే ఆధారం. సాధారణంగా పది పన్నెండు వారాల వరకు వాడవలసి ఉంటుంది. వారాల లెక్క కూడా ఇక్కడ కొంచెం వేరు. అయిదో రోజు పిండం పెట్టిన నాటికే గర్భానికి 2 వారాల 5 రోజుల వయసు వచ్చినట్లు లెక్క. కాబట్టి చివరి నెలసరి తేదీ అడిగే ఊరి డాక్టరు గారికి ఆ తేదీతో పాటు ట్రాన్స్‌ఫర్ తేదీ, పిండం ఎన్నో రోజుదో తప్పక చెప్పండి. ట్రాన్స్‌ఫర్ తేదీకి 261 రోజులు కలిపితే వచ్చేదే ప్రసవం అంచనా తేదీ.

ఇక మీ ప్రశ్నలు అడగండి. నలుగురిలో అడగడానికి ఇబ్బందిగా ఉన్నవారు చీటీ మీద రాసి పంపవచ్చు, పేరు రాయనవసరం లేదు.